స్కూలు నుంచి ఫోన్ వచ్చినప్పుడు: అమెరికా పబ్లిక్ హైస్కూలు క్రమశిక్షణ ఎలా నడుస్తుంది

ప్రతి ఏడాదీ స్కూళ్లు తెరిచే వారంలో అమెరికాలోని తల్లిదండ్రులకి ఒక పెద్ద పత్రం వస్తుంది. కొన్నిచోట్ల దాన్ని స్టూడెంట్ హ్యాండ్‌బుక్ అంటారు, కొన్నిచోట్ల కోడ్ ఆఫ్ కాండక్ట్ అంటారు. చివర్లో ఒక గడి ఉంటుంది, చదివి అర్థం చేసుకున్నామని టిక్ పెట్టడానికి. మా అబ్బాయి తొమ్మిదో తరగతిలో చేరిన ఏడాది ఒక్క పేజీ కూడా చదవకుండానే నేను ఆ టిక్ పెట్టేశాను. బస్సు టైము, లంచ్ అకౌంటు, క్లాసుల ఎంపిక హడావిడిలో అదీ ఇంకో ఫారం అనుకున్నాను. నాకు తెలిసిన తెలుగు కుటుంబాల్లో చాలామంది చేసేది ఇదే.

తర్వాత ఏదో ఒక మధ్యాహ్నం, ఆఫీసు మీటింగులో ఉండగా ఫోన్ మోగుతుంది. అవతల అసిస్టెంట్ ప్రిన్సిపల్. మీ పిల్లాడు నా గదిలో కూర్చుని ఉన్నాడు, మీరు రావాలి అంటారు. ఆ క్షణంలో మనకి తోచే దారులు రెండే. సారు చెప్పారంటే వీడు తప్పు చేసే ఉంటాడని పిల్లాణ్నే తిట్టి, సారీ చెప్పించి, చూపించిన చోట సంతకం పెట్టి రావడం ఒకటి. మా వాడు అలాంటివాడు కాదని స్కూలు మీద విరుచుకుపడటం రెండోది. ఈ రెండింటిలో ఏది చేసినా, ఏం జరిగిందన్న అసలు ప్రశ్న పక్కకి పోతుంది.

ఇక్కడ శిక్ష వెయ్యడానికి చట్టం పెట్టిన పద్ధతి ఉంది. ఆ హ్యాండ్‌బుక్ పిల్లాడికి ఎంత వర్తిస్తుందో స్కూలుకీ అంతే వర్తిస్తుంది. ఈ సంగతి తెలిసిన తల్లి ఆ గదిలో కూర్చుని అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

నియమాలు ఎక్కడి నుంచి వస్తాయి

దేశమంతటికీ ఒకే క్రమశిక్షణ చట్టం లేదు. ప్రతి రాష్ట్రానికీ తన విద్యా చట్టం ఉంటుంది. కాలిఫోర్నియాలో ఏ తప్పులకి సస్పెండ్ చెయ్యొచ్చో ఎడ్యుకేషన్ కోడ్ 48900 సెక్షన్ చెబుతుంది. టెక్సస్‌లో ఆ పని ఎడ్యుకేషన్ కోడ్ 37వ అధ్యాయానిది. దాని కింద స్కూలు డిస్ట్రిక్టులు, దేశం మొత్తం మీద దాదాపు 13,000. చాలా చోట్ల ఓటర్లు ఎన్నుకున్న స్కూలు బోర్డు విధానాలు తయారు చేస్తుంది. వాటిని పట్టుకుని స్కూలు హ్యాండ్‌బుక్ రాస్తుంది. అందుకే డాలస్‌లో ఉన్న చుట్టాల అనుభవం న్యూజెర్సీలో ఉన్నవాళ్లకి అక్కరకు రాకపోవచ్చు.

వీటన్నిటి పైనా రాజ్యాంగం ఉంది. పబ్లిక్ స్కూలు అంటే ప్రభుత్వం. ప్రిన్సిపల్ ఒక పిల్లాణ్ని బయటికి పంపిస్తే ప్రభుత్వం ఒక పౌరుడి మీద చర్య తీసుకున్నట్టే లెక్క. ఆ పిల్లాడికి అమెరికా పౌరసత్వం లేకపోయినా, హెచ్ ఫోర్ (డిపెండెంట్) వీసా మీద ఉన్నా తేడా లేదు. చట్టం ముందు అందరికీ సమాన రక్షణ కల్పించే 14వ సవరణ "పౌరుడు" అని కాకుండా "వ్యక్తి" అంటుంది. 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు సరైన పత్రాలు లేని పిల్లలకి సైతం పబ్లిక్ స్కూలు తలుపులు మూయడానికి వీల్లేదని చెప్పింది ఈ ఆధారంతోనే. ప్రైవేటు స్కూలు సంగతి వేరు. అక్కడ మీకూ స్కూలుకీ మధ్య ఉన్నది ఒప్పందం.

కొలంబస్ లంచ్ రూమ్‌లో మొదలైన కథ

ఈ పద్ధతి ఎలా పుట్టిందో తెలియాలంటే ఒక కేసు దగ్గర కాసేపు ఆగాలి. 1971 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలోని పబ్లిక్ స్కూళ్లలో విద్యార్థుల ఆందోళనలు జరిగాయి. సెంట్రల్ హైస్కూలు లంచ్ రూమ్‌లో గొడవ జరిగి కొంత సామాను పాడైంది. డ్వైట్ లోపెజ్ అనే విద్యార్థిని సస్పెండ్ చేశారు. తాను గొడవలో లేనని, పక్కన నిలబడి చూశానని అతను చెప్పాడు. అదే రోజు ఆ స్కూల్లో కనీసం 75 మందిని సస్పెండ్ చేశారని కూడా చెప్పాడు. ఏం చేశావని అతన్ని అడిగినవాళ్లు లేరు. అప్పటి ఒహాయో చట్టం ప్రకారం ప్రిన్సిపల్ 10 రోజుల దాకా సస్పెండ్ చెయ్యొచ్చు, 24 గంటల్లో తల్లిదండ్రులకి కారణం తెలియజేస్తే చాలు. విద్యార్థి మాట వినాలన్న నిబంధనే లేదు.

తొమ్మిది మంది విద్యార్థుల తరఫున దాఖలైన ఆ దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1975 జనవరి 22న గాస్ వర్సెస్ లోపెజ్ తీర్పు వచ్చింది. ఐదుగురు న్యాయమూర్తులు విద్యార్థుల వైపు, నలుగురు స్కూలు వైపు. మెజారిటీ తీర్పు రాసిన బైరన్ వైట్ వాదం ఇలా నడుస్తుంది. రాష్ట్రం పిల్లలకి ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది. ఇచ్చిన హక్కును కొద్ది రోజులకైనా సరే న్యాయమైన పద్ధతి లేకుండా లాగేసుకోకూడదు. పైగా సస్పెన్షన్ రికార్డులోకి ఎక్కి పిల్లాడి పేరును, ముందు ముందు చదువును, ఉద్యోగాన్ని దెబ్బతీయొచ్చు.

10 రోజులు, అంతకంటే తక్కువ సస్పెన్షన్‌కి స్కూలు చెయ్యాల్సినవి ఆ తీర్పు చెప్పింది. నీ మీద ఆరోపణ ఇదీ అని నోటితో గానీ కాగితం మీద గానీ చెప్పాలి. పిల్లాడు ఒప్పుకోకపోతే, మా దగ్గరున్న ఆధారం ఇదీ అని వివరించాలి. అతని వైపు కథ వినాలి. మామూలుగా ఇది ఇంటికి పంపకముందే జరగాలి. అతనివల్ల ఇతరులకి అపాయం ఉంటే వెంటనే పంపించి, వీలైనంత త్వరగా ఆ పని చెయ్యాలి. లాయర్ని పెట్టుకునే హక్కు, సాక్షుల్ని ప్రశ్నించే హక్కు ఈ చిన్న సస్పెన్షన్లకి ఇవ్వలేదు.

చదివితే ఇది చాలా తక్కువ అనిపిస్తుంది. రెండు నిమిషాల సంభాషణతో తీరిపోతుంది. అసమ్మతి తీర్పు రాసిన జస్టిస్ పావెల్‌కి ఆ మాత్రం కూడా ఎక్కువే అనిపించింది, స్కూళ్ల రోజువారీ పనిలోకి కోర్టులు వచ్చేస్తాయని ఆయన భయం. నా మటుకు నాకు ఆ రెండు నిమిషాలు ఎంతో విలువైనవి. పిల్లాడికి 15 ఏళ్లు, ఎదురుగా పెద్దవాళ్లు ఇద్దరు, ఒకళ్లు వాకీటాకీ పట్టుకుని. "నువ్వేమంటావు?" అని వాళ్లు అడిగి తీరాలి అన్న చట్టం లేకపోతే, ఆ గదిలో పిల్లాడి మాటకి చోటే లేదు.

శిక్షల మెట్లు

లంచ్ డిటెన్షన్, స్కూలయ్యాక డిటెన్షన్, శనివారం డిటెన్షన్ కింది మెట్టు. వీటికి పెద్ద విచారణ ఉండదు. తర్వాతది ఇన్-స్కూల్ సస్పెన్షన్: పిల్లాడు స్కూల్లోనే ఉంటాడు కానీ వేరే గదిలో కూర్చుని పని చేస్తాడు. ఆపైన ఇంటికి పంపే సస్పెన్షన్. దాని పైన ప్రత్యామ్నాయ స్కూలు. టెక్సస్‌లో దీన్ని డీఏఈపీ అంటారు, అక్కడ చట్టమే కొన్ని తప్పులకి అక్కడికి పంపి తీరాలంటుంది. చివరిది ఎక్స్‌పల్షన్, అంటే పేరు కొట్టేయడం.

పది రోజులు దాటితే లెక్క మారిపోతుంది. ఎక్స్‌పల్షన్‌కి సాధారణంగా రాతపూర్వక నోటీసు, ముందే ప్రకటించిన తేదీన విచారణ, సాక్ష్యాలు చూసే అవకాశం, లాయర్ని తెచ్చుకునే వీలు, బోర్డుకి అప్పీలు ఉంటాయి. గడువులు మాత్రం చాలా చిన్నవి. ఆ నోటీసు చూసిన రోజే క్యాలెండర్లో తేదీ రాసుకోవాలి.

కర్ర దెబ్బ మాట కూడా చెప్పాలి, ఇక్కడ అది ఎక్కడా ఉండదని మనవాళ్లు అనుకుంటారు కాబట్టి. న్యూజెర్సీ 1867లోనే దాన్ని నిషేధించింది. కానీ 1977లో ఇన్‌గ్రహమ్ కేసులో స్కూల్లో ప్యాడిల్‌తో కొట్టడం, క్రూరమైన శిక్షల్ని నిషేధించే 8వ సవరణ కిందికి రాదని సుప్రీంకోర్టు 5-4తో తీర్పునిచ్చింది. దాంతో టెక్సస్, మిసిసిపి, అలబామా లాంటి కొన్ని రాష్ట్రాల చట్టాల్లో అది ఇంకా మిగిలే ఉంది. టెక్సస్‌లో అయితే వద్దని తల్లిదండ్రులు ప్రతి ఏడాదీ రాసి ఇవ్వొచ్చు. డిస్ట్రిక్ట్ విధానం చూసి అవసరమైతే రాసి ఇచ్చెయ్యండి.

మనకి తప్పని తెలియని తప్పులు

కొట్లాట, దొంగతనం, వేప్, గంజాయి తప్పులని పిల్లలందరికీ తెలుసు. మన ఇళ్లవాళ్లు ఇరుక్కునేది చాలాసార్లు వేరేవాటిలో.

మొదటిది మాత్రలు. తలనొప్పి వస్తే వేసుకో అని అడ్విల్‌నో టైలెనాల్‌నో అమ్మ బ్యాగులో పెడుతుంది. పిల్లాడు స్నేహితుడికి ఒకటి ఇస్తాడు. చాలా హ్యాండ్‌బుక్కుల్లో ఇది డ్రగ్స్ అధ్యాయం కిందికి వస్తుంది, దుకాణంలో ఎవరైనా కొనుక్కోగలిగే మాత్ర అయినా సరే. ఫారం నింపి నర్సు దగ్గర పెట్టడమే సరైన దారి.

రెండోది పండు కోసుకునే కత్తి. డబ్బాతో పాటు పొరపాటున వెళ్లినా అది ఆయుధమే. తుపాకీ విషయంలో ఫెడరల్ చట్టమే ఉంది: 1994 గన్-ఫ్రీ స్కూల్స్ యాక్ట్ ప్రకారం స్కూలుకి తుపాకీ తెచ్చిన విద్యార్థిని కనీసం ఏడాది పాటు తీసెయ్యాలని రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే ఫెడరల్ నిధులు. ఆ చట్టంలో కూడా సందర్భాన్ని బట్టి సడలించే అధికారం సూపరింటెండెంట్ స్థాయి అధికారికి ఉంచారు. తర్వాత స్కూళ్లు ఆ కఠినత్వాన్ని చిన్న కత్తులకీ బొమ్మ తుపాకులకీ పాకించి దానికి "జీరో టాలరెన్స్" అని పేరు పెట్టాయి. 2008లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం ఈ విధానాన్ని పరిశీలించి, దీనివల్ల స్కూళ్లు సురక్షితమయ్యాయన్న రుజువు దొరకలేదని తేల్చింది.

మూడోది సరదా మాట. గ్రూప్ చాట్‌లో "రేపు స్కూలుకి రావద్దు" అన్న ఒక్క వాక్యం పోలీసుని ఇంటికి తెస్తుంది. ఇది అతి అని నేను అనను. 1999లో కొలంబైన్ హైస్కూలు కాల్పుల తర్వాత సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి పాత దాడులన్నీ పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. చాలా దాడుల్లో దాడి చెయ్యబోతున్నట్టు ఇంకొకరికి ముందే తెలుసని అందులో తేలింది. అప్పటినుంచి ఏ బెదిరింపునీ జోక్ కింద కొట్టిపారెయ్యరు. ఈ ఒక్క విషయం మాత్రం పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగులోనే గట్టిగా చెప్పాలి.

నాలుగోది హాజరు. పెళ్లికనో, పెద్దవాళ్లకి ఒంట్లో బాగాలేదనో నడి సంవత్సరంలో ఆరు వారాలు ఇండియా వెళ్తాం. మనకది కుటుంబ బాధ్యత. స్కూలు రికార్డులో అది అన్ఎక్స్‌క్యూజ్డ్. కాలిఫోర్నియాలో సరైన కారణం లేకుండా మూడు పూర్తి రోజులు మానితే చట్టం ఆ పిల్లాణ్ని ట్రూయంట్ (బడి ఎగ్గొట్టేవాడు) అంటుంది. టెక్సస్‌లో 90 శాతం హాజరు లేకపోతే ఆ క్లాసుకి క్రెడిట్ కోసం కమిటీ ముందు మొరపెట్టుకోవాల్సి రావొచ్చు. 180 రోజుల సంవత్సరంలో 10 శాతం అంటే 18 రోజులు. టికెట్లు కొనకముందే అటెండెన్స్ ఆఫీసుతో మాట్లాడితే ఇండిపెండెంట్ స్టడీ లాంటి ఏర్పాటు ఏదైనా ఉంటే చెబుతారు.

ఇక హోంవర్కు. చాట్‌జీపీటీతో రాయించడం ఒక్కటే కాదు, స్నేహితుడికి తన ఫైలు పంపడం కూడా చాలాచోట్ల తప్పే. మన పిల్లలు "హెల్ప్ చేశాను" అనుకుంటూ దొరుకుతారు. ఇచ్చినవాడికీ తీసుకున్నవాడికీ ఒకే శిక్ష పడొచ్చు.

బ్యాగు, ఫోను, యూనిఫాం వేసుకున్న మనిషి

స్కూలు సోదా చెయ్యాలంటే పోలీసులకి కావాల్సినంత బలమైన ఆధారం అక్కర్లేదు, వారంటు అక్కర్లేదు. 1985లో టీఎల్ఓ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇది: సహేతుకమైన అనుమానం ఉండాలి, సోదా ఆ అనుమానానికి తగినంతే ఉండాలి. ఆ రెండో భాగం ఎంత ముఖ్యమో అరిజోనాలోని సాఫర్డ్ కేసు చూపిస్తుంది. ఐబుప్రొఫెన్ మాత్రలు దాచిందన్న అనుమానంతో 13 ఏళ్ల అమ్మాయిని లోదుస్తుల దాకా వెతికారు, ఏమీ దొరకలేదు. 2009లో ఎనిమిది మంది న్యాయమూర్తులు అది రాజ్యాంగ విరుద్ధమన్నారు, ఒక్కరే విభేదించారు.

ఫోను గురించి తల్లిదండ్రులు అడుగుతూ ఉంటారు. క్లాసులో ఫోను వాడితే తీసుకోవడం వేరు, తెరిచి మెసేజీలు చదవడం వేరు. కెంటకీలోని ఓవెన్స్‌బరో కేసులో 2013లో ఫెడరల్ అప్పీల్స్ కోర్టు, క్లాసులో మెసేజ్ పంపడం అన్న కారణం ఒక్కటీ ఫోను లోపల వెతకడానికి సరిపోదని చెప్పింది. అయితే పిల్లాడే "చూసుకోండి" అని పాస్‌వర్డ్ కొట్టి ఇస్తే ఆ ప్రశ్నే పోతుంది. "మా అమ్మానాన్న వచ్చాక" అని మర్యాదగా అనడం నేర్పాలి.

స్కూల్లో పోలీసు అధికారి కూడా ఉండొచ్చు, స్కూల్ రిసోర్స్ ఆఫీసర్ అంటారు. మంచిగానే పలకరిస్తారు. కానీ ఆయన ప్రశ్నలు అడుగుతున్నారంటే అది ఇక స్కూలు విషయం ఒక్కటే కాకపోవచ్చు. నార్త్ కరోలినాలో 13 ఏళ్ల పిల్లాణ్ని క్లాసు నుంచి పిలిచి, తలుపులు మూసిన గదిలో అరగంటకి పైగా ప్రశ్నించారు, మొదలుపెట్టే ముందు వెళ్లిపోవచ్చని చెప్పలేదు, ఇంటివాళ్లని పిలవలేదు. 2011లో జేడీబీ కేసులో సుప్రీంకోర్టు, అలాంటి చోట పిల్లాడు పోలీసు అదుపులో ఉన్నట్టా కాదా అని తేల్చేటప్పుడు అతని వయసును లెక్కలోకి తీసుకోవాలని తీర్పునిచ్చింది. పోలీసు కేసు దాకా వెళ్తే, వీసా మీదున్న కుటుంబాలు ఇమిగ్రేషన్ లాయర్‌తో కూడా మాట్లాడాలి.

శనివారం పెట్టిన పోస్టుకి సోమవారం శిక్షా?

1965 డిసెంబర్‌లో అయోవాలో కొందరు విద్యార్థులు వియత్నాం యుద్ధానికి నిరసనగా చేతికి నల్ల పట్టీ కట్టుకుని స్కూలుకి వచ్చారు. ఇంటికి పంపేశారు. 1969లో టింకర్ తీర్పు వాళ్ల పక్షాన వచ్చింది. చదువు నిజంగా దెబ్బతినే స్థాయిలో అలజడి లేకపోతే విద్యార్థి అభిప్రాయాన్ని నొక్కకూడదు. 2021లో మహనోయ్ కేసులో స్కూలు బయట మాటల సంగతి వచ్చింది. చీర్‌లీడింగ్ సీనియర్ జట్టులో చోటు దక్కని అమ్మాయి సెలవు రోజున స్నాప్‌చాట్‌లో బూతు మాటతో కోపం వెళ్లగక్కింది. అప్పటికి ఉన్న జూనియర్ జట్టు నుంచి ఏడాది పాటు తీసేశారు. 8-1తో ఆమే గెలిచింది.

ఈ తీర్పు చూసి బయట ఏం రాసినా ఫరవాలేదు అనుకోకూడదు. బెదిరింపులు, ఒకే పిల్లని పట్టుకుని వేధించడం ఎక్కడినుంచి చేసినా స్కూలు చర్య తీసుకోవచ్చని అదే తీర్పులో ఉంది. మీ బిడ్డే వేధింపుకి గురవుతుంటే ఈ చట్టాలు మీకు అండ. న్యూజెర్సీలో 2011 యాంటీ-బుల్లీయింగ్ చట్టం ప్రకారం ఫిర్యాదు అందిన ఒక స్కూలు రోజులోపు దర్యాప్తు మొదలవ్వాలి, రాతపూర్వక రిపోర్టు తర్వాత 10 స్కూలు రోజుల్లో పూర్తవ్వాలి. అందుకే ఫోన్లో చెప్పి ఊరుకోకుండా మెయిల్ పంపాలి. తేదీ లేని ఫిర్యాదుకి గడువు లెక్కపెట్టలేం.

అందరికీ ఒకే కొలతా?

కాగితం మీద నియమం ఒకటే. అమలులో కాదు. విద్యాశాఖ పౌరహక్కుల విభాగం సేకరించిన 2017-18 లెక్కల్లో దేశంలో సుమారు 25 లక్షల మంది పబ్లిక్ స్కూలు పిల్లలు కనీసం ఒకసారి ఇంటికి పంపే సస్పెన్షన్ పొందారు. మొత్తం విద్యార్థుల్లో నల్లజాతి పిల్లలు సుమారు 15 శాతం, సస్పెండ్ అయినవాళ్లలో సుమారు 38 శాతం. ఆయుధం విషయంలో టీచరు అభిప్రాయానికి పెద్దగా చోటు లేదు. "ఎదురు చెప్పాడు", "అమర్యాదగా చూశాడు" లాంటి తప్పుల్లో మొత్తం టీచరు అభిప్రాయమే. కాలిఫోర్నియా అందుకే ధిక్కారం అన్న కారణంతో సస్పెండ్ చెయ్యడాన్ని మెల్లగా తీసేస్తూ వచ్చి, 2024 జూలై నుంచి హైస్కూలుకీ ఆ నిషేధం వర్తింపజేసింది. ఇంట్లో కూర్చోబెట్టడంవల్ల ఆ పిల్లాడు పాఠాలు పోగొట్టుకోవడం తప్ప ఏం నేర్చుకుంటాడన్న ప్రశ్న నన్నూ వదలదు. అదే సమయంలో 30 మందికి పాఠం చెప్పలేక అలిసిపోతున్న టీచరు బాధా నిజమే. ఆ చట్టం కూడా టీచరు ఆ పిల్లాణ్ని క్లాసు నుంచి పంపే అధికారాన్ని తీసెయ్యలేదు.

ఏడీహెచ్‌డీ, ఆటిజం లాంటివి ఉండి ఐఈపీ (అలాంటి పిల్లాడి కోసం స్కూలు రాసే ప్రత్యేక విద్యా ప్రణాళిక) ఉన్న పిల్లలకి ఇంకో రక్షణ ఉంది. పది స్కూలు రోజులు దాటి బయట ఉంచాలంటే, ఆ నిర్ణయం తీసుకున్న పది స్కూలు రోజుల్లోపు సమావేశం పెట్టి, ఈ ప్రవర్తనకి అతని ఇబ్బందే కారణమా, ఐఈపీలో రాసిన సాయం స్కూలు చెయ్యకపోవడం కారణమా అని తేల్చాలి. ఆయుధం, డ్రగ్స్, తీవ్ర గాయం అయితే అక్కడ ఏం తేలిందన్న దానితో పని లేకుండా 45 స్కూలు రోజుల దాకా వేరేచోటికి పంపొచ్చు. పరువు పోతుందని పరీక్ష చేయించకుండా దాచే ఇళ్లు మనలో ఉన్నాయి. దాచినందువల్ల ఈ రక్షణ కూడా చాలావరకు చేజారుతుంది.

ఆ గదిలో, ఆ తర్వాత

వెళ్లగానే ముందు పిల్లాడితో ఐదు నిమిషాలు విడిగా మాట్లాడతానని అడగండి. తర్వాత స్కూలుని అడగాల్సినవి: హ్యాండ్‌బుక్‌లో ఏ నియమం? ఎవరు చూశారు, వీడియో ఉందా? మా వాడు చెప్పింది ఎక్కడ రాసుకున్నారు? ఎన్ని రోజులు, ఆ రోజుల పరీక్షలూ హోంవర్కూ ఎలా? అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో? కాగితం ఇస్తే అది అందినట్టు సంతకమా, తప్పు ఒప్పుకున్నట్టు సంతకమా అని అడిగి తెలుసుకోండి. ఇంగ్లిషు ధారాళంగా రాని తల్లిదండ్రులు దుబాసీని అడగొచ్చు, ఏర్పాటు చెయ్యడం స్కూలు బాధ్యత. పిల్లాడి చేత అనువాదం చేయించకూడదు. తప్పు నిజంగా చేసి ఉంటే ఒప్పుకోవాలి, దెబ్బ తగిలినవాళ్లకి క్షమాపణ చెప్పాలి. ఈ ప్రశ్నలు అడగడం దానికి అడ్డు కాదు.

కాలేజీ టెన్షన్ గురించి. చాలా కాలేజీలకి ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్ 2021-22 నుంచి స్కూలు శిక్షల ప్రశ్న తీసేసింది, కొన్ని కాలేజీలు తమ ఫారంలో ఇప్పటికీ అడుగుతాయి. అడిగితే నిజమే రాయాలి. అప్పుడు రికార్డులో ఏముందన్నది ముఖ్యమవుతుంది.

1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం పిల్లాడి ఫైలు చూపించమని రాసి అడిగితే స్కూలు 45 రోజుల్లోపు చూపించాలి. తప్పుంటే దిద్దమని కోరొచ్చు, దిద్దకపోతే మన వివరణ అందులో చేర్పించొచ్చు. పిల్లాడికి 18 నిండితే ఈ హక్కు అతనిదవుతుంది. చాలామంది ఫైలు అడగరు. కొలంబస్ విద్యార్థులు వేసిన దావాలో అది కూడా ఒక కోరిక. వాళ్ల మాట వినకుండా సస్పెండ్ చేశారు కాబట్టి, ఆ సస్పెన్షన్ల ప్రస్తావన ఫైళ్ల నుంచి తొలగించాలని కింది కోర్టు స్కూలు అధికారుల్ని ఆదేశించింది. సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.